వెనక వరసలో బసవన్న

రండి, కూర్చోండి. ఎండ వాలింది కాబట్టి లోపల ఫ్యాను కింద కంటే ఇక్కడ అరుగు మీదే హాయి. మా బనగానపల్లెలో వేసవి సాయంత్రాలు ఇట్లాగే ఉంటాయి. పగలంతా కాగిన నాపరాయి దీపాలు పెట్టే వేళకు గానీ చల్లబడదు, చల్లబడ్డాక దాని మీద నుంచి లేవబుద్ధి కాదు. 2022 ఏప్రిల్‌లో మమ్మల్ని నంద్యాల జిల్లాలో కలిపారు గానీ, ఊరడిగితే మా నోటికి ఇప్పటికీ కర్నూలు జిల్లా అనే వస్తుంది. ఊరి పేరు చెప్పగానే మీరు మామిడిపండ్ల సంగతి అడుగుతారని తెలుసు. నవాబుల తోటల పండు, బేనిషాన్, 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన పండు. దాని ముచ్చట ఇంకో రోజు పెట్టుకుందాం. ఇవాళ నాకు పండు తినే పిల్లల మీద మనసు పోయింది.

యాగంటి చూశారా? చూసే ఉంటారు. ఉమామహేశ్వరస్వామి గుడిలో కూర్చున్న బసవన్న ఏటేటా పెరుగుతున్నాడని మా వాళ్ల గట్టి నమ్మకం. ఒకప్పుడు ఆయన చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లమని, ఇప్పుడు ఆ సందు లేదని ముసలివాళ్లు చెబుతారు. కలియుగం చివర్లో ఆ బసవన్న లేచి రంకె వేస్తాడని వీరబ్రహ్మంగారి మాటగా మాకందరికీ ఉగ్గుపాలతో తెలుసు. ఆ బ్రహ్మంగారు మా ఊళ్లోనే గరిమిరెడ్డి అచ్చమ్మగారి పశువులు కాస్తూ రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశారని కదా కథ. ఇంత భక్తి ఉన్న ఊళ్లో ఆ పేరుతో చేసే పని ఏమిటంటే, కాస్త ఒళ్లున్న పిల్లాడు వీధిలో కనబడితే చాలు, "ఏమప్పా బసవన్నా, ఇంకా పెరుగుతాండావా?" అంటారు. అన్నవాళ్లు నవ్వుతారు, విన్నవాళ్లు నవ్వుతారు. చిత్రం ఏమిటంటే పిల్లాడూ నవ్వుతాడు. నవ్వకపోతే ఇంకా ఎక్కువ అంటారని వాడికి రెండో తరగతిలోనే తెలిసిపోతుంది.

మా వీధి చివర అట్లాంటి వాడొకడున్నాడు. పదకొండేళ్లు. పేరెందుకులెండి. వాళ్ల అవ్వకూ నాకూ వాడి గురించి ఎడతెగని తగాదా. "ఏమప్పా సారూ, తినే పిల్లోణ్ణి తినొద్దంటే ఎట్ల? మా పెద్దోళ్లు తినేదానికి లేక సచ్చిరి" అంటుందామె. నేను పంతులుద్యోగం చేసి రిటైరైన మనిషిని, మాటకు మాట చెప్పడం నాకు అలవాటు. కానీ ఈ మాటకు ఎదురు చెప్పలేం. ఈ సీమలో 1876లో మొదలైన ధాత కరువు పేరు ఇప్పటికీ సామెతలా నోట్లో మెదులుతుంది. 1950లలో కూడా గంజి కేంద్రాల ముందు బారులు తీరిన ప్రాంతమిది. జొన్న సంగటి, కొర్రన్నం కడుపునిండా దొరికితే పండగ అనుకున్న మనుషుల మనవళ్లం మనం. ఒళ్లు చేసిన పిల్లాడంటే ఆ ఇంట్లో గాదె నిండిందని అర్థం. "ఇంకో ముద్ద తినురా నాయనా" అనే మాటలో ప్రేమ ఎంత ఉందో, కరువు భయం కూడా అంతే ఉంది. ఇది అర్థం చేసుకోకుండా అవ్వల మీద విసుక్కునే డాక్టర్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కరువుకూ కొవ్వుకూ మన ఒంట్లోనే ఒక పాత లెక్క ఉంది. పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన శిశువులను డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం కొలిచి, ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులతో పోల్చింది. మనవాళ్లు సగటున 2.7 కిలోలు, అక్కడివాళ్లు 3.5 కిలోలు. మన శిశువులకు కండ తక్కువ, పొట్టలోని అవయవాలు చిన్నవి. చర్మం కింద కొవ్వు మాత్రం ఆ మేరకు తగ్గలేదు. అంటే బక్కగా పుడుతూనే కొవ్వును భద్రంగా దాచుకుని పుడుతున్నాం. అందుకే మన పిల్లల వైద్యుల సంఘం 2015లో ఇచ్చిన ఎదుగుదల పట్టికల్లో అధిక బరువు గీత ప్రపంచపు లెక్క కంటే కిందనే గీశారు. పెద్దల ఎత్తుకు తగ్గ బరువు సూచికకు 25, 30 అని లోకం అనుకునే చోట మనవాళ్లు 23, 27 పెట్టుకున్నారు. చూడటానికి 'కొంచెం బొద్దుగా' ఉన్న మన పిల్లాడు ఒంటి లోపల ఆ 'కొంచెం' దాటేసి ఉండవచ్చన్నమాట.

ఇక తిండి సంగతి. ఉగ్గాని బజ్జీని నేను తిట్టను. బొరుగులు, ఉల్లిగడ్డ, పుట్నాల పొడి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. దాన్ని తిడితే మా ఊళ్లో మంచినీళ్లు కూడా పుట్టవు. తాత ఆ ఉగ్గాని తిని పొలానికి నడిచిపోయి బుడ్డల చేలో కలుపు తీసేవాడు. మనవడు అదే తిని ఆటో ఎక్కి బడికి పోతాడు, ట్యూషన్‌కు పోతాడు, ఇంటికొచ్చి ఫోను పట్టుకుని మంచమెక్కుతాడు. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటిన ఎండలో ఆడుకోమని ఎవరంటారు? ఆడుకునే ఖాళీ జాగాలన్నీ ప్లాట్లయ్యాయి. చేతిలో పదిరూపాయల ప్యాకెట్ మాత్రం అన్ని కాలాల్లోనూ ఉంటుంది. పెద్ద చదువుల ఆశతో హాస్టళ్లలో పడేసిన పిల్లల సంగతి ఇంకా అన్యాయం, తెల్లవారింది మొదలు రాత్రి దాకా కుర్చీయే. కేంద్ర బడుల బోర్డు సీబీఎస్‌ఈ 2025లో తన కింది ప్రతి బడిలో చక్కెర బోర్డు పెట్టమని చెప్పింది, ఏ తిండిలో ఎంత చక్కెర ఉందో పిల్లలకు కనబడేలా. మన పిల్లల ఒంట్లోకి వెళ్లే శక్తిలో 5 శాతం మించకూడని చక్కెర 13 నుంచి 15 శాతం దాకా ఉందని అప్పుడు చెప్పిన లెక్క.

ప్రపంచం లెక్కలు కూడా ఒక్క ముక్కలో చెప్పేస్తాను, తర్వాత మళ్లీ మా వీధికొద్దాం. 5 నుంచి 19 ఏళ్ల వాళ్లలో అధిక బరువున్నవారు 2022 నాటికి 39 కోట్ల పైన, అందులో 16 కోట్ల మందిది స్థూలకాయమే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2025లో యునిసెఫ్ ఇంకో మాట చెప్పింది. లోకం మొత్తం మీద బడి ఈడు పిల్లల్లో స్థూలకాయులు మొదటిసారి బక్కపిల్లల సంఖ్యను దాటారు, 9.4 శాతం, 9.2 శాతం. అయితే మన దక్షిణాసియాలో ఇంకా ఆ మార్పు రాలేదు, ఇక్కడ బక్కపిల్లలదే పైచేయి. మా ఊరి బడిలో చూస్తే అది కళ్లకు కడుతుంది. ఒకే బెంచీ మీద రక్తం లేని పిల్ల ఒకతె, పక్కన ఆయాసపడే పిల్లాడొకడు. ఇద్దరికీ సరైన తిండి లేకపోవడమే జబ్బు.

మా వీధి పిల్లాడి తల్లి ఒకరోజు వాణ్ణి పట్టుకొచ్చి, కాలరు పక్కకు లాగి మెడ చూపించింది. మెడ వెనక నల్లగా, మందంగా, ముఖమల్ గుడ్డలా ఉంది. "ఎంత తోమినా పోల్యా సార్. సున్నిపిండి అయిపాయ, నిమ్మకాయ అయిపాయ" అని వాపోయింది. పిల్లాడు నేల చూపులు చూస్తున్నాడు. స్నానం సరిగ్గా చేయడని రోజూ చివాట్లు తింటున్నాడు పాపం. ఈ సంగతి మీకు తప్పకుండా చెప్పాలని కూర్చోబెట్టాను. లావుగా ఉన్న పిల్లలకు మెడ మీద, చంకల్లో వచ్చే ఆ నలుపు చాలాసార్లు మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ మాట చెల్లడం లేదనడానికి గుర్తు అది. తినే పిండిపదార్థాన్ని సర్దడానికి క్లోమం మోతాదుకు మించి ఇన్సులిన్ వదులుతుంటే చర్మం అట్లా మందమై నల్లబడుతుంది. రుద్దితే పుండవుతుంది గానీ తెల్లబడదు. కదలిక పెరిగి, బరువు అదుపులోకొస్తే అదే పలచబడుతుంది. ఆమెకు చెప్పింది ఒకటే, సున్నిపిండి మానెయ్యమ్మా, నంద్యాల తీసుకుపోయి పిల్లల డాక్టరుకు చూపించు, చక్కెర పరీక్ష చేయించు అని.

తీసుకుపోయారు. మధుమేహం ఇంకా రాలేదు, వచ్చే దారిలో ఉందన్నారు. తిండి సర్దమన్నారు, ఆడించమన్నారు. ఇంటికొచ్చాక తండ్రి నా దగ్గర ఆగి అడిగిన ప్రశ్న మాత్రం ఇది: "సార్, యోగా చేపిస్తే ఎన్ని దినాలకు తగ్గుతాడు?"

ఇక్కడ నిజం చెప్పుకోవాలి. టీవీలో పొద్దున్నే కూర్చుని కపాలభాతి చేస్తే పొట్ట కరుగుతుందని చెప్పేవాళ్లను నేను నమ్మను. కడుపు ఎగరేస్తే కడుపు మీది కొవ్వే కరుగుతుందనేది శరీరశాస్త్రానికి తెలియని ముచ్చట. కొవ్వు తగ్గడం మొదలైతే ఒళ్లంతటా తగ్గుతుంది, చోటు ఎంచుకోదు. ఆసనాల్లో ఎక్కువ భాగం తేలికపాటి శ్రమ కిందికే వస్తుంది. సూర్య నమస్కారాలు వెంటవెంటనే చేస్తే కాస్త చెమట పడుతుంది. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు కనీసం 60 నిమిషాలు గుండె వేగం పెరిగే కదలిక కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆ గంటను యోగాతోనే నింపడం కష్టం. పరుగు, కబడ్డీ, తాడాట, సైకిలు, ఊరి చెరువు గట్టు మీద నడక, ఇవన్నీ కావాలి.

హరిద్వార్‌లో శిర్లీ టెల్లెస్ బృందం 2013లో అచ్చువేసిన ఒక పరిశోధన నాకు చాలా నచ్చింది, యోగాను ఆకాశానికెత్తలేదు గనక. 8 నుంచి 13 ఏళ్ల బడిపిల్లలు 98 మందిని చీట్లు వేసి రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు యోగా, ఇంకో జట్టుకు వ్యాయామం, రోజుకు 45 నిమిషాలు, వారానికి ఐదు రోజులు, మూడు నెలలు. అయ్యాక కొలిస్తే రెండు జట్లలోనూ ఎత్తుకు తగ్గ బరువు సూచిక తగ్గలేదు సరికదా కొంచెం పెరిగింది. మరి లాభమేమిటంటారా? యోగా జట్టు పిల్లలకు తమ మీద తమకున్న గౌరవం పెరిగింది, అమ్మానాన్నల దృష్టిలో తామేమిటనే భావం బాగుపడింది. తోటివాళ్లలో కలిసిపోయే ధైర్యం మాత్రం వ్యాయామం చేసిన జట్టుకే ఎక్కువ వచ్చింది. వాళ్లు స్థూలకాయ పిల్లలు కారు, మామూలు బడిపిల్లలే. అయినా నాకు తోచింది ఏమిటంటే, యోగాను బరువు తగ్గించే మందుగా కాక, పిల్లాడికి తన ఒంటితో రాజీ కుదిర్చే పనిగా చూస్తే అది మోసం చేయదు. తోటివాళ్లతో కలవడానికి ఆట ఉండనే ఉంది. తండ్రికి ఇదే చెప్పాను. ఆయనకు అంతగా రుచించలేదు. దినాల లెక్క చెప్పలేదు కదా!

పిల్లలకు యోగా నేర్పడం కొత్త సంగతేమీ కాదు. మా బనగానపల్లె ఒకప్పుడు నవాబుల చిన్న సంస్థానం, 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అట్లాంటి చిన్న సంస్థానమే మహారాష్ట్రలో ఔంధ్. అక్కడి రాజు భవన్‌రావ్ పంత్ ప్రతినిధి సూర్య నమస్కారాలకు దేశమంతా ప్రచారం తెచ్చినవాడు. తాను చేసి, తన సంస్థానంలోని బడుల్లో పిల్లలందరితో చేయించాడు. మా నవాబులు లోకానికి మామిడిపండు ఇచ్చారు, ఆ రాజు తిన్న పండు అరిగే ఉపాయం చెప్పాడు అనుకోండి. మైసూరులో 1930లలో రాజుగారి అండతో తిరుమలై కృష్ణమాచార్యులు నడిపిన యోగశాలలోనూ ఎక్కువమంది మగపిల్లలే. 1934లో ఆయన దగ్గరికి బావమరిది ఒకడు చేరాడు. కోలారు జిల్లా బెళ్లూరు పిల్లాడు, మలేరియా, టైఫాయిడ్, క్షయ అన్నీ చూసినవాడు. పుల్లల్లాంటి కాళ్లుచేతులు, ముందుకు వాలే తల. వంగలేడు. వీడివల్ల కాదని గురువుగారే అనుకున్నారట. ఆ పిల్లాడే బీకేఎస్ అయ్యంగార్. వంగని ఒళ్లు ఎట్లా ఉంటుందో స్వయంగా ఎరిగినవాడు గనక తర్వాత కాలంలో కుర్చీ, తాడు, చెక్కదిమ్మె, దిండు, దుప్పటి అన్నీ యోగాలోకి తెచ్చాడు. ఆసనానికి ఒళ్లు సరిపోకపోతే ఆసనాన్నే ఒంటికి దగ్గర చేశాడు. లావుపాటి పిల్లలకు యోగా నేర్పేవాళ్లు ముందు గుర్తు పెట్టుకోవాల్సింది ఈయన్ను.

ఎందుకంటే మామూలుగా జరిగేది ఏమిటి? మొదటి రోజే వజ్రాసనం వేయమంటారు. పిక్కలు, తొడలు మందంగా ఉన్న పిల్లాడు మడమల మీద కూర్చోలేడు, మోకాళ్లు పీకుతాయి. పశ్చిమోత్తానాసనం అంటారు. పొట్ట అడ్డం పడి ఊపిరాడదు. పద్మాసనం సంగతి చెప్పనక్కర్లేదు. పక్కనున్న సన్నపాటి పిల్ల చకచకా వంగిపోతుంటే వీడు రెండో రోజు నుంచి కడుపునొప్పి అంటాడు. ఇంకో చిన్న విషయం, పెద్దవాళ్ల కంట పడదు. తాడాసనంలో చేతులు పైకెత్తితే చొక్కా పైకి లేచి బొజ్జ కనబడుతుంది. పిల్లాడు ఒక చేత్తో చొక్కా కిందికి లాక్కుంటూ ఒక చేత్తో ఆసనం వేస్తుంటాడు. గురువు "చేయి నిటారుగా పెట్టు" అని అరుస్తుంటాడు. పొడుగాటి వదులు చొక్కా తొడిగించి, దాన్ని నిక్కరులోకి దోపించండి. సగం సిగ్గు పోతుంది.

మా అరుగు మీద చేసింది చెబుతాను. చాప మీద ఇంట్లో ఉన్న పాత చీరల బొంత పరిచాం. నాపరాయి చల్లగా ఉంటుందే గానీ మోకాలికి కటువు. యోగా మ్యాట్ కొనాలని వాళ్ల నాన్న తొందరపడ్డాడు, వద్దన్నాను. మొదట కాళ్లు ఎడంగా పెట్టి నిలబడే ఆసనాలు. వీరభద్రాసనం పేరు చెప్పగానే పిల్లాడి కళ్లు మెరిశాయి. మా సీమలో వీరభద్రుడంటే తెలియని పిల్లాడు ఉండడు కదా! ఆ నిలుపులో బరువు అడ్డం రాదు, పైగా నేలను గట్టిగా పట్టి ఉంచుతుంది. బడి మొత్తం వెక్కిరించే ఒళ్లు ఆ ఒక్కచోట వాడి పక్షాన నిలబడింది. తర్వాత గోడకు చేయి ఆన్చి వృక్షాసనం. నాలుగు కాళ్ల మీద పిల్లిలా వీపు పైకెత్తి దించే మార్జాలాసనం, దానికి వాడు మ్యావ్ అని అరుపు కూడా కలిపాడు, నేను అడ్డుపడలేదు. బోర్లా పడుకుని భుజంగాసనం. సూర్య నమస్కారాలు మంచం పట్టె మీద చేతులు పెట్టి మొదలుపెట్టాం, నేల దాకా వంగడం నిదానంగా వస్తుంది. వజ్రాసనానికి పిరుదుల కింద మడత దుప్పటి. ముందుకు వంగేటప్పుడు కాళ్లు ఎడం చేస్తే పొట్టకు చోటు దొరుకుతుంది. శీర్షాసనం, సర్వాంగాసనం, హలాసనం జోలికి వెళ్లనే లేదు. ఒంటి బరువంతా లేత మెడ మీద మోపడం తెలివైన పని కాదు, ఎవరు చేయించమన్నా చేయించకండి. పొద్దున పరగడుపున చేస్తే మేలు, సాయంత్రమైతే తిన్న రెండు గంటలకు. చివర శవాసనం. వాడికి అన్నిటికంటే ఇష్టమైనది అదే. నాక్కూడా.

మనసు సంగతి దగ్గరికొద్దాం. లావు పిల్లల విషయంలో అసలు బరువు అక్కడే ఉంటుంది. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2017లో ఒక ప్రకటన చేసింది. బరువు గురించి ఎత్తిపొడిస్తే పిల్లలు తగ్గరు, దాక్కుని ఎక్కువ తింటారు, ఆటలకు దూరమవుతారు, ఒంటరివాళ్లవుతారు అని. మా వీధిలో అది అక్షరాలా జరిగింది. బడిలో బసవన్న అంటారు. పీఈటీ పీరియడ్లో పరుగు పందెం పెడితే చివర వస్తాడు. అవమానం మింగి ఇంటికొస్తాడు. ఆ దిగులుకు ఒంట్లో కార్టిసాల్ ఊరుతుంది, అది తీపినీ నూనెనూ కోరుతుంది. అంగడికి పోయి ప్యాకెట్ కొంటాడు. తింటుంటే అమ్మ చూసి అరుస్తుంది. మళ్లీ దిగులు. ఈ గానుగకు ఎక్కడో ఒకచోట అడ్డం పెట్టాలి.

ఊపిరి ఆ అడ్డం. లోపలికి పీల్చిన దానికంటే బయటికి వదలడం నిదానంగా, పొడుగ్గా చేస్తే గుండె వేగం నెమ్మదిస్తుంది, కంగారు తగ్గుతుంది. ఇది మహిమ కాదు, మెదడు నుంచి గుండెకూ కడుపుకూ పోయే వేగస్ నరం చేసే పని. పిల్లలకు దీన్ని ఆటగా ఇవ్వాలంటే భ్రామరి బాగుంటుంది. చెవులు మూసుకుని తుమ్మెదలా మ్మ్‌మ్మ్ అంటుంటే తల లోపలంతా మోగుతుంది. "సార్, ఇప్పుడు బయట ఎవరేమన్నా నాకు ఇనపడదు" అన్నాడు వాడు మొదటిసారి చేసినప్పుడు. ఆ మాటకు నేనేమీ జవాబు చెప్పలేదు.

ఇంకొకటి నేర్పాను, ఇది ఏ ఆసనంలోనూ లేదు. ప్యాకెట్ విప్పే ముందు కళ్లు మూసుకుని ఐదు ఊపిర్లు తీసి, ఆకలి ఎక్కడుందో వెతకమన్నాను. కడుపులో ఉందా, నోట్లో ఉందా, గుండెల్లో ఉందా? కడుపులో ఉంటే తిను, సుబ్బరంగా తిను. నోట్లో ఉంటే గుక్కెడు నీళ్లు తాగి చూడు. గుండెల్లో ఉంటే నా దగ్గరికి రా, మాట్లాడుకుందాం. వాడు చాలాసార్లు కడుపులోనే ఉందని చెప్పి తినేశాడు. పదకొండేళ్ల పిల్లాడు మరి. కానీ కొన్నిసార్లు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. బడి కబుర్లు చెప్పాడు. ఒకసారి ఏడ్చాడు. త్రాసు ముల్లుకు కనబడని తగ్గుదల అది, అదే నాకు ఎక్కువ లెక్క.

త్రాసంటే గుర్తొచ్చింది. వాళ్ల నాన్న రోజూ పొద్దున్నే వాణ్ణి త్రాసు ఎక్కిస్తున్నాడని తెలిసి, పోయి గట్టిగానే పోట్లాడాను. ఎదిగే పిల్లలకు బరువు తగ్గడమే గురి కానక్కర్లేదు. చాలామందికి బరువు ఉన్నచోట నిలబడితే చాలు, ఎత్తు పెరిగి సరిపోతుంది. ఆ మాట డాక్టరే చెప్పారు. రోజూ తూచడం వల్ల వాడికి పొద్దు పొద్దున్నే ఓడిపోవడం అలవాటవుతుంది, అంతే.

యోగా అనగానే మన రాష్ట్రంలో 2025 జూన్ 21 గుర్తొస్తుంది. యోగాంధ్ర పేరుతో నెలరోజుల హడావుడి, ఆ రోజు విశాఖలో ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా మూడు లక్షల మందికి పైగా బారులు తీరి ఆసనాలు వేశారు. ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరులో ఒప్పుకున్న రోజది, దాన్ని ఘనంగా చేయడం తప్పేమీ కాదు. పల్లెల్లో కూడా చాలామంది ఆ నెలలోనే మొదటిసారి చాప పరిచారు, నాకది సంతోషమే. నాకు నచ్చనిది ఒకటుంది. ఇట్లాంటి రోజుల్లో బడి పిల్లల్ని వరసల్లో నిలబెట్టేటప్పుడు, ఫొటో పడే ముందు వరసలో సన్నగా, నాజూగ్గా వంగే పిల్లల్ని పెడతారు. లావు పిల్లలు వెనక వరసలో, వీలైతే స్తంభం చాటున. నేను చాలా బడులు చూశాను, దాదాపు అంతటా ఇదే. ఎవరూ చెడ్డ బుద్ధితో చేయరు, 'బాగా కనబడాలి' అనే చేస్తారు. యోగా ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లను కనబడకుండా దాచి, యోగా దినం జరుపుకోవడం మాత్రం నాకు మింగుడు పడదు.

అవ్వ విషయం మర్చిపోయాననుకోకండి. ఆమెతో రాజీ కుదిరింది. తినొద్దని వాడికి చెప్పను, మీరు చేసే పాత తిండే పెట్టండి అన్నాను. జొన్నరొట్టె, గోంగూర, పచ్చిపులుసు, సాయంత్రం ఉలవల గుగ్గిళ్లు, ఉడకబెట్టిన బుడ్డలు గుప్పెడు. ఉగ్గాని వారానికోసారి, బజ్జీ ఒకటి. మామిడికాలంలో పండు కోసి ముక్కలు తినమన్నాను. చక్కెర పోసి రసం చేస్తే రెండు పండ్లు గ్లాసులో మాయమవుతాయి, పీచు పోతుంది. ఓళిగలు పండగనాడు అందరితోపాటు తింటాడు, ఆ పూట వాడి విస్తరిలోకి తొంగిచూసే హక్కు ఎవరికీ లేదు. అవ్వ ఇదంతా విని, "ఇదేనా? ఇది మా తిండే కదప్పా" అంది. అవును, అదే. ఒకటి మాత్రం కష్టం మీద ఒప్పుకుంది, రాత్రి తొమ్మిదికల్లా ఫోను పక్కన పెట్టించడం. నిద్ర తక్కువైన పిల్లలకు మర్నాడు ఆకలి ఎక్కువ. ఆమె కూడా అప్పటిదాకా మనవడి ఫోనులో సీరియల్ చూసేది మరి!

ఇంత చెప్పాక కొన్ని జాగ్రత్తలు చెప్పకపోతే పాపం. రాత్రి గట్టిగా గురకపెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచే పిల్లాణ్ణి యోగా గురువు దగ్గరికి కాదు, డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. తుంటి నొప్పో మోకాలి నొప్పో అంటూ కుంటుతుంటే, ఎదిగే వయసు లావు పిల్లల్లో తుంటి ఎముక గుండు జారే జబ్బొకటి ఉంది, ఆలస్యం చేస్తే కాలు పాడవుతుంది. వెంటనే ఎముకల డాక్టరుకు చూపించాలి, అప్పటిదాకా ఆసనాలు బంద్. ఆడపిల్లలకు నెలసరి తప్పుతుంటే, మొహం మీద వెంట్రుకలు వస్తుంటే అది కూడా పరీక్ష చేయించే సంగతే. అన్నిటికీ థైరాయిడ్ అనుకోకండి, ఎత్తు బాగా పెరుగుతున్న పిల్లల్లో అది కారణమయ్యేది తక్కువ.

మా వీధి పిల్లాడు ఏమయ్యాడంటారా? ఇంకా బొద్దుగానే ఉన్నాడు. మెడ నలుపు కొంచెం పలచబడింది. మెట్లెక్కితే మునుపటంత ఆయాసం లేదు. వాడితోపాటు వాళ్ల నాన్న చాప పరచడం మొదలుపెట్టాక వాడు మానేసే రోజులు తగ్గాయి, నాన్నకు వృక్షాసనం రాదని వాడికి భలే సంబరం.

మీలో పీఈటీ మాస్టర్లు, పంతులమ్మలు ఎవరైనా ఉంటే నాదొక మనవి. వచ్చే జూన్ 21న లావు పిల్లల్ని ముందు వరసలో నిలబెట్టి వీరభద్రాసనం వేయించండి. తల్లిదండ్రులైతే ఇవాళ రాత్రికే మీ పిల్లాడి మెడ వెనక ఒకసారి చూడండి, నలుపుంటే సున్నిపిండి తీయకుండా డాక్టరు దగ్గరికి పోండి.